ఆ నల్లదారం ఇలా పడేయండి

నేను ఒక టేపురికార్డరును. రెండు స్పీకర్లు, ఒక పిడి, వరసగా మీటలు, రెండు తలలు. అవును, రెండు తలలే. మీరు 'హెడ్డు' అంటారే, అవి. ఒక తల విన్నదాన్ని తిరిగి చెబుతుంది, రెండో తల విన్నదాన్ని చెరిపేస్తుంది. మనుషులకి ఒకటే తల. దాంతోనే రెండు పనులూ కానిచ్చేస్తారు. పైగా ఏది ఎప్పుడు చేశారో వాళ్ళకే గుర్తుండదు. నాకు అన్నీ గుర్తే. నా తలరాత అలాంటిది. రెండు తలలు గదా, రాత కూడా రెండింతలు రాశాడు.

పుట్టింది మలేషియాలో ఒక ఫ్యాక్టరీలో. పుట్టగానే ఏడవలేదు. నన్ను ఒక గంటసేపు మోగించి చూసి, బాగుందని నా వీపుకి చీటీ అంటించారు. ఏడవకుండా పుట్టినవాడికి జీవితమంతా ఇతరుల ఏడుపు వినడమే పని అని ఆ చీటీ మీద ఎవరూ రాయలేదు.

ఓడెక్కి కువైట్లో దిగాను. ఒక అద్దాల కొట్లో కొన్నాళ్ళు నిలబడ్డాక సత్తెమ్మ నన్ను కొంది. ఆవిడ తూర్పుగోదావరి మనిషి, మండపేట పక్క ఊరు. అక్కడ ఒకరింట్లో వంటపని. వంటగదిలో నన్ను చాలా చిన్న గొంతుతో పెట్టుకుని తెలుగు పాటలు వినేది. ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చేది. ఉల్లిపాయలు లేని రోజు కూడా ఏడ్చేది. వీసా అయిపోయాక నన్ను ఒక రగ్గులో చుట్టి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మండపేట తెచ్చి తన చెల్లెలి చేతుల్లో పెట్టింది. కువైట్ నించి అక్క గొలుసు తెస్తుందని చెల్లెలు ఎదురుచూస్తే, అక్క గోల తెచ్చింది. ఆ గోల నేనే.

చెల్లెలి పేరు మంగతాయారు. ఆమె మొగుడు నూకరాజు ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే టైలరు. ఇంటి ముందుగదే కొట్టు, మధ్యలో ఒక పూల తెర, తెర వెనక వంట, మంచం, ట్రంకుపెట్టె, అంటే ఇల్లు. పెళ్ళాం పేరే కొట్టుకి పెట్టుకున్నాడు నూకరాజు: తాయారు లేడీస్ టైలర్స్. బోర్డు రాసినతను దీర్ఘం మర్చిపోయి 'తయారు' అని రాశాడు. జాకెట్లు తయారయ్యే చోటే గదా, పోన్లే అని నూకరాజు దిద్దించలేదు. దీర్ఘం పోయిన ఆ పేరుకి దీర్ఘాయుష్షు కూడా లేకపోయింది. ఆ సంగతికి తర్వాత వస్తాను, రాక తప్పదు.

ఆ కొట్లో రెండు టేపులు ఉండేవి. ఒకటి నూకరాజు మెడలో, ఒకటి నా కడుపులో. అది కొలతలకి, ఇది కలతలకి. పొద్దున్నే నా మీట నొక్కి, పాట మొదలయ్యాకే అతను మిషను మీద కాలు వేసేవాడు. బాణీ పడనిదే బోణీ పడదని అతని నమ్మకం. పాటలో చరణం ఎలా నడిస్తే మిషను కింద అతని చరణాలు అలా నడిచేవి. హుషారు పాటైతే చేతులు చకచకా పడిపోయేవి. విషాదమైతే మెడపట్టీ మెల్లిగా, చాలా అందంగా వచ్చేది. ఆ వీధి ఆడవాళ్ళు మంచి జాకెట్టు కావాలంటే ఏడుపు పాట వేయమని అడిగేవాళ్ళంటే నమ్ముతారా?

ఇంకో సంగతి చెప్పాలి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. ఆ ఊళ్ళో కొందరు టైలర్లు జాకెట్టు గుడ్డలో మిగిలిన ముక్కని కాజా కుట్టినంత నేర్పుగా కాజేసేవాళ్ళు. నూకరాజు అలా కాదు. గోరంత పీలిక మిగిలినా చుట్టచుట్టి, ఆ గుడ్డ అంచుతోనే ముడేసి, జాకెట్టుతో పాటు తిరిగి ఇచ్చేసేవాడు.

"ఈ గోరెడు ముక్క నేనేం చేసుకోను అన్నయ్యా? గాజుకి చీర కట్టనా?" అనేది భ్రమరాంబ. పక్కన గాజుల కొట్టు ఆవిడది. గాజులకంటే ఆవిడ నోరే ఎక్కువ గలగలలాడేది.

"గుడ్డ మీది, కుట్టు మాదమ్మా," అనేవాడు నూకరాజు. "మీది మీకిచ్చేస్తే నాకు నిద్దరపడతాది."

తాయారు పని హుక్కులు, కాజాలు, చేతికుట్టు. వీధి గడప మీద కూర్చుని, వెలుతురుకి మొహం పెట్టి కుట్టేది. కుడుతూ పాడేది. గొప్ప గొంతేం కాదు. పైస్థాయిలో కొంచెం పగిలేది, పగిలిన చోట తనే నవ్వేది. ఒక వానాకాలం మధ్యాహ్నం బేరాల్లేవు. వాన చినుకులు బోర్డు మీద పడుతున్నాయి. ఆమె ఒక పాత సినిమా పాట అందుకుంది. నూకరాజు చప్పుడు చేయకుండా లేచి, నా కడుపులో ఖాళీ క్యాసెట్టు పెట్టి, ఎర్రమీటా పక్కమీటా కలిపి నొక్కాడు. ఎర్రమీట నొక్కినప్పుడు నేను మాట్లాడను, వింటాను. నా జీవితంలో మనసుపెట్టి విన్నది అదొక్కటే.

పాట నడుస్తోంది. మధ్యలో ఆగి, "ఏవండీ, ఆ నల్లదారం ఇలా పడేయండి," అంది. నూకరాజు రీలు విసిరాడు. అది గడప మీద పడి దొర్లిన చప్పుడు. మళ్ళీ పాట. ఒక దగ్గు. "దగ్గకపోతే సినిమాలో ఆవిడలాగే పాడేద్దును," అని ఆవిడ మీద ఆవిడే ఒక విసురు. మళ్ళీ పాట. చివర్లో నా ఎర్రమీట ఆమె కంటపడింది. "ఓరి నాయనో, ఇదంతా పట్టేసిందా! ఆపండి బాబూ, ఎవరన్నా వింటే నవ్విపోతారు," అని ఒక పెద్ద నవ్వు, మీట పైకి లేచిన టప్పుమనే చప్పుడు. అంతే. ఆ క్యాసెట్టులో ఉన్నది అంతే.

తర్వాత ఆమెకి కామెర్లొచ్చాయి. పసరుమందు అన్నారు. తర్వాత కాకినాడ పెద్దాసుపత్రి అన్నారు. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

చాలాకాలం నా మీద ఒక తువ్వాలు కప్పి ఉంది. మిషను ఒక్కటే మోగేది, అదీ వంకరగా. ఆ కుట్లు చూసి బేరాలు మానుకున్నవాళ్ళున్నారు. ఒకరోజు పొద్దున్న నూకరాజు తువ్వాలు తీశాడు. క్యాసెట్టు పెట్టాడు. తాయారు పాడటం మొదలెట్టింది. అతను మిషను మీద కూర్చుని, తల వంచుకుని, ఒక జాకెట్టు చెయ్యి కుట్టాడు. సరిగ్గా వచ్చింది.

"ఏవండీ, ఆ నల్లదారం ఇలా పడేయండి," అన్నాను నేను, తాయారు గొంతుతో.

నూకరాజు చెయ్యి తనంతట తాను లేచి, నల్లరీలు అందుకుని గడప మీదకి విసిరింది. కళ్ళు మాత్రం కుట్టు మీదే ఉన్నాయి. రీలు పడి దొర్లింది. అది ఎవరూ అందుకోలేదని చాలాసేపటికి తెలిసింది అతనికి. లేచి వెళ్ళి తెచ్చుకున్నాడు. కూర్చున్నాడు.

ఆ రోజు నించి రోజూ అంతే. పొద్దున్న ముందు తాయారు, తర్వాత బోణీ. తాయారు అయ్యాక మామూలు సినిమా పాటలు. నల్లదారం మాట వచ్చేసరికి కొట్లో ఎవరున్నా అటు తిరిగి జాకెట్టు గుడ్డ చూసుకునేవాళ్ళు. గడప మీద భ్రమరాంబ ఉంటే రీలు పట్టుకుని, నోరెత్తకుండా తెచ్చి బల్ల మీద పెట్టేది. ఆవిడ నోరెత్తని క్షణం రోజు మొత్తంలో అదొక్కటే.

"అన్నయ్యా, ఫోటో స్టూడియోవాడికిస్తే ఈ పాట చిన్న కార్డులోకి ఎక్కించి ఇచ్చేస్తాడంట. ఈ క్యాసెట్టు ఎన్నాళ్ళుంటాది? ఇయ్యరాదూ," అని ఒకసారి అంది.

"ఇస్తానమ్మా. ఒక్కపూట తను కొట్లో లేకపోతే ఎలాగ? ఈ పెళ్ళిళ్ళ సీజను పోనీ."

సీజన్లు పోయాయి. తాయారు మాత్రం ఒక్కపూట కూడా కొట్టు వదల్లేదు.

అప్పుడొచ్చాడు అనంతం. పూర్తిపేరు అనంతపద్మనాభం. భుజాన సంచి, మెడలో ఫోటో ఉన్న కార్డు, రాజమండ్రి నించి బస్సులో నిలబడి వచ్చిన చెమట. అతని చొక్కాకి పొట్టదగ్గర బొత్తాం లేదు.

"కొట్టు మీదేనా అండీ? నేను పాటల హక్కుల సంఘం నించి..." అని మొదలెట్టాడు.

"ఆయ్, ముందిలా రండి. ఆ బొత్తాం కుట్టనివ్వండి, తర్వాత చెబుదురుగాని," అన్నాడు నూకరాజు.

హక్కుల మనిషి హుక్కుల మనిషి ముందు బుద్ధిగా నిలబడ్డాడు. బొత్తాం కుట్టించుకున్నాడు. కుట్టించుకుని, సంచిలోంచి నోటీసు తీసిచ్చాడు. నోటీసు అంటే నోరు మూయించేది అని నాకు ఆరోజే తెలిసింది. అది నూకరాజు పేర వచ్చింది గానీ, మూయాల్సిన నోరు నాది.

"ఈ సినిమా పాటలు కొట్లో వేయాలంటే లైసెన్సు ఉండాలండీ."

"క్యాసెట్టు డబ్బులెట్టి కొన్నానండీ. దొంగతనం కాదండీ."

"కొన్నది మీరు వినడానికండీ. నలుగురికీ వినిపించడానికి కాదు."

"నేను వింటంటే ఆళ్ళకీ వినపడతాదండీ. ఆళ్ళ చెవులు నన్ను మూయమంటారా?"

"కొట్టంటే నలుగురూ వచ్చే చోటు కదండీ. అక్కడ పాట మోగితే ప్రదర్శన కిందికొస్తుంది. హోటలైనా, షాపైనా, పదిమంది పనిచేసే షెడ్డయినా అంతే."

"మరి పెళ్ళిళ్ళలో మైకులెట్టి ఊరంతా అదరగొడతారు గదండీ?"

"పెళ్ళికి మినహాయింపుందండీ."

"నేను కుట్టేవి పెళ్ళి జాకెట్లేనండీ!"

అనంతం నవ్వేశాడు. నవ్వి, మళ్ళీ మొహం సర్దుకున్నాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఇంత చెడేది కాదు.

"చూడండి టైలరుగారూ," అన్నాడు నెమ్మదిగా. "పాట రాసినాయన ఉంటాడు. బాణీ కట్టినాయన ఉంటాడు. వాళ్ళకీ ఇల్లూ పిల్లలూ ఉంటారు. మీరు కుట్టిన జాకెట్టు ఎవరో తొడుక్కుని, కుట్టుకూలి ఇవ్వకుండా పోతే ఊరుకుంటారా? ఇదీ అంతే. ఏడాదికోసారి లైసెన్సు కట్టేస్తే మిమ్మల్ని ఎవరూ అడగరు."

ఆ మాట నూకరాజు గుండెలో గుండుసూదిలా దిగింది. వేరే ఎవరైనా అయితే కసురుకునేవారు, బేరమాడేవారు, పక్కవాడిని అడగమనేవారు. నూకరాజు నా వైపు చూశాడు. ఇన్నేళ్ళూ ఎవరి పీలికో కాజేసి దాచుకున్నట్టు సిగ్గుపడ్డాడు. కట్టే స్థోమతు లేదు. రెడీమేడ్ జాకెట్లు వచ్చాక బోణీ పడని రోజులే ఎక్కువ. అందుకని సినిమా క్యాసెట్లన్నీ ఒక సంచిలో పోసి అటక మీద పెట్టేశాడు.

భ్రమరాంబకి కూడా నోటీసొచ్చింది. ఆవిడ తన రేడియో కట్టేసి, నూకరాజుకి ఉపాయం చెప్పింది.

"దేవుడి పాటలేసుకో అన్నయ్యా. దేవుడికి లైసెన్సు ఎవడడుగుతాడు?"

వేశాడు. మళ్ళీ వారం అనంతం వచ్చి గడప మీద నిలబడి విన్నాడు. చెప్పులు విడిచి మరీ విన్నాడు.

"ఇదీ కుదరదండీ," అన్నాడు.

"దేవుడిది గదండీ?"

"దేవుడు ఏమీ అడగడండీ. ఇది పాడించి క్యాసెట్టు చేసిన కంపెనీ ఉంది. అది అడుగుతుంది."

"అయితే దేవుడికి కూడా ఓనరున్నాడన్నమాట!" అంది భ్రమరాంబ పక్కకొట్లోంచి. "చూశావా అన్నయ్యా, మనం అద్దెకున్నామనుకున్నాం, ఆయనా అద్దెకే ఉన్నాడు!"

అనంతం చెప్పులు తొడుక్కోబోతుంటే నూకరాజు ఆపాడు. అతని మొహంలో ఒక ధైర్యం. బల్ల సొరుగులోంచి తాయారు క్యాసెట్టు తీశాడు.

"ఇదైతే మాదేనండీ. కంపెనీ లేదు, ఏం లేదు. మా ఆవిడ. ఇక్కడే, మీరు నిలబడ్డ చోటే కూచుని పాడింది. ఇది రోజూ వేసుకుంటన్నాను. వేసుకోవచ్చు గదండీ?"

మీట నొక్కాడు. తాయారు పాడింది. అనంతం గడప మీద చతికిలబడ్డాడు. నల్లదారం మాట వచ్చింది. నూకరాజు చెయ్యి రీలు విసిరింది. అది అనంతం పాదాల దగ్గర పడి ఆగింది. అతను దాన్ని తీసి చేతిలో పట్టుకుని, అటు నూకరాజునీ ఇటు నన్నూ చూశాడు. నవ్వూ, టప్పుమనే చప్పుడూ అయ్యేదాకా రీలుని వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

ఒక్క అబద్ధం చాలు. 'వేసుకోండి' అంటే పోయేది. నా రెండు తలల్లో చెరిపేసే తల ఒకటుంది గదా, అలాంటిది అతనికీ ఒకటుంటే ఎంత బాగుండునో అనిపించింది. కానీ అడిగినదానికి నిజం చెప్పడం అతని ఉద్యోగం. నమ్మకం కూడానేమో.

"గొంతు మీ ఆవిడదండీ," అన్నాడు. "అది ఎవరూ కాదనరు. పాట మాత్రం... పాట సినిమాది. ఎవరు పాడినా రాసినవాళ్ళ హక్కు రాసినవాళ్ళదేనండీ. ఇంట్లో మీరొక్కరూ వింటే ఏ గొడవా లేదు. కొట్లో అంటే..." ఆగి, రీలు బల్ల మీద పెట్టాడు. "మీరు తొందరపడకండి. నేను ఆఫీసులో మాట్లాడి వచ్చి చెబుతాను."

వెళ్ళిపోయాడు. నూకరాజు ఆ రోజంతా ఒక్క మాటే గొణుక్కున్నాడు. గొంతు మాది. పాట వాళ్ళది.

మర్నాడు నన్ను తెర వెనక్కి మార్చాడు. తెరకి అటు కొట్టు, ఇటు ఇల్లు. చట్టం గీసిన గీత అతని పూల తెర మీదుగా పోయింది. కానీ గుడ్డ గొంతుని ఆపదు. పొద్దున్నే తాయారు పాడితే గాజులు కొనడానికొచ్చిన ఆడవాళ్ళకి కూడా వినపడింది. నూకరాజు కంగారుపడి, నా మీట తట్టి ఆపి, తెరని బొంతలా మందంగా కుట్టాలని కూర్చున్నాడు. బొంతకి పీలికలు కావాలి. ఊళ్ళో ఏ టైలరు కొట్లోనైనా బస్తాలకొద్దీ పీలికలుంటాయి. ఇతని కొట్లో ఒక్కటి లేదు. అన్నీ ఇచ్చేశాడు గదా. చివరికి ట్రంకుపెట్టె తెరిచి తాయారు పాత చీరలు తీశాడు. వాటిని మడతమీద మడతేసి బొంత కుట్టి తెర చోట కట్టాడు. తాయారు గొంతు బయటికి పోకుండా తాయారు చీరలే అడ్డం.

దాంతో అతనికీ వినపడటం మానేసింది. నేను లోపల పాడుతున్నాను, అతను బయట కుడుతున్నాడు. మధ్యలో లేచి బొంత తొలగించి తల లోపల పెట్టేవాడు. వినేవాడు. మళ్ళీ మిషను దగ్గరికెళ్ళేవాడు. నల్లదారం మాట ఎప్పుడొస్తుందో తెలియక రీలు చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. అలా పట్టుకుని ఒక పెళ్ళికూతురి పట్టు జాకెట్టు ముందుభాగం వెనక, వెనకభాగం ముందు వేసి కుట్టేశాడు. ఆ పిల్ల తల్లి జాకెట్టు బల్ల మీద విసిరికొట్టి పోయింది. నూకరాజు ఆ కుట్టంతా విప్పుతూ కూర్చున్నాడు. ఒక్కో కుట్టూ విప్పి, గుడ్డకి గుడ్డ వేరు చేసి, మడతపెట్టాడు. మడతపెడుతూ ఆగిపోయాడు. ఏదో తోచినట్టు నా వైపు చూశాడు.

ఆ చూపు నాకు నచ్చలేదు.

ఆదివారం కొట్టు సెలవు. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. నూకరాజు నన్ను మళ్ళీ కొట్లోకి తెచ్చి బల్ల మీద పెట్టుకున్నాడు. పక్కన కత్తెర, సుద్దముక్క, సన్నసూది, సిల్కుదారం. మీట నొక్కుతాడు. పాట మొదలైన చోట ఆపుతాడు. నా మూత తెరిచి టేపు మీద సుద్దతో గుర్తు పెడతాడు. పాట ఆగి మాట మొదలైన చోట ఇంకో గుర్తు. గుడ్డ మీద ఎలా గీస్తాడో అలాగే. సుద్దపొడి నా తల మీద విభూతిలా రాలుతోంది. అర్థమైంది నాకు. అతను పాటని తిరిగి ఇచ్చేయబోతున్నాడు. పాట వాళ్ళ గుడ్డ. మాటలు, దగ్గు, నవ్వు తన కుట్టు. ఎవరిది వాళ్ళకి వేరుచేసి, తనది తను ఉంచుకుంటాడు. అతని లెక్కలో ఇంతకంటే న్యాయం లేదు.

కేక వేద్దామనుకున్నాను. నాకు సొంతగొంతు లేదు గదా. ఆ పూట నా దగ్గరున్నది తాయారు గొంతొక్కటే, అది 'ఆపండి బాబూ' అంటూనే ఉంది. అతను ఆ మాట దగ్గర కూడా సుద్దగీత గీశాడు.

కత్తెర వేశాడు. పట్టుచీర అంచు కత్తిరించినంత జాగ్రత్తగా. పాట ఉన్న టేపంతా ఒక ఖాళీ రీలుకి చుట్టాడు. అది నల్లదారం రీలే, దారం అయిపోయింది. మిగిలిన మాటల ముక్కలు వరసగా బల్ల మీద పరిచాడు. అంగుళంలో సగం కూడా లేని ఆ వెడల్పు మీద, ఒక్కో చివరని ఇంకో చివర మీద ఇంత పెట్టి, సిల్కుదారంతో కుట్టాడు. టేపుని కుట్టిన టైలరు ప్రపంచంలో ఇతనొక్కడే అయ్యుంటాడు. కుట్టు మాత్రం చాలా అందంగా వచ్చింది. ఆ ముక్క తీసి చూస్తే ఎక్కడ అతికిందో మీరు కనిపెట్టలేరు.

నేను కనిపెట్టాను. క్యాసెట్టు మళ్ళీ నా కడుపులో పెట్టి అతను మీట నొక్కాడు. "ఏవండీ, ఆ నల్లదారం..." అంది తాయారు. అంతలో మొదటి కుట్టు నా తల దగ్గరికొచ్చింది. ఆ దారపు ముడి తలకీ చక్రానికీ మధ్య ఇరుక్కుంది. చక్రం ఆగదు, దాని పని తిరగడం. వెనకాల ఉన్న టేపంతా లోపలికి లాక్కుంది. చుట్టుకుంది, ముడతలుపడింది, నలిగింది, తెగింది. తాయారు గొంతు సాగి, బొంగురుపోయి, ఎవరో నీళ్ళలోంచి పిలిచినట్టయింది. నూకరాజు మీటలన్నీ ఒక్కసారి నొక్కాడు. నేను ఆగాను. అప్పటికి నవ్వు కూడా నమిలేశాను.

అతను వేళ్ళతో టేపు బయటికి లాగుతూ కూర్చున్నాడు. లాగిన కొద్దీ వస్తోంది, ఉంగరాలుగా, నల్లగా, ఆడమనిషి జుట్టులా. ఎండ బల్ల మీది నించి నేల మీదకి జారింది. అతను ఏడవలేదు. "అయ్యో, మెడపట్టీ బిగిసిపోయింది," అని ఒక్కసారి అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు.

స్టూడియో అతనికి చూపించింది భ్రమరాంబ, బతిమాలి తీసుకెళ్ళి. అతను వెలుతురుకి పట్టి చూసి, ఇందులో ఇంక గరగర తప్ప ఏమీ రాదన్నాడు.

ఆ వారమే అనంతం వచ్చాడు. గుమ్మంలోంచే నవ్వుతూ వచ్చాడు. బొత్తాం కుట్టిన చొక్కానే తొడుక్కున్నాడు.

"టైలరుగారూ, మీ పని అయిపోయిందండీ! ఇది కొట్టు కాదు, ఇంటి వసారా, ఇంట్లోవాళ్ళే వింటున్నారు అని రాసి పంపేశాను. మా పైఆయన సరేనన్నాడు. ఇంక ఎవరూ రారు. మీ ఆవిడ పాట నిక్షేపంగా వేసుకోండి."

నూకరాజు లేచాడు. బల్ల సొరుగులోంచి ఒక చిన్న పొట్లం తీసి రెండు చేతులతో అందించాడు. పొట్లంలో రీలు, రీలుకి చుట్టిన పాట. చివర టేపుతోనే ముడి.

"ఇది వాళ్ళదండీ. రాసినాయనకీ, బాణీ కట్టినాయనకీ ఇచ్చేయండి. పీలిక కూడా ఉంచుకోలేదు."

అనంతం పొట్లం విప్పి చూశాడు. సుద్దగీతలు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా మూత ఊడి ఉంది, చక్రానికి ఇంకా ఒక నల్లపోగు వేలాడుతోంది. అతని నవ్వు మొహం మీద ఉన్నచోటే ఉండిపోయింది. దాన్ని ఎక్కడ పెట్టాలో అతనికి తెలియలేదు.

"నేను ఇది అడగలేదండీ," అన్నాడు. "టైలరుగారూ, నేను కాగితమే గదండీ అడిగాను. ఇది తీసుకోనండీ, మీరు ఉంచుకోండి."

"ఇచ్చింది వెనక్కి తీసుకోనండీ. నిద్దరపట్టదు."

 అనంతం ఆ పొట్లాన్ని సంచిలో నోటీసుల పక్కన పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు. అది ఇప్పుడు ఏ ఆఫీసులో ఏ మూల ఉందో నాకు తెలియదు. పాటల హక్కులు కాపాడే చోట ఎక్కడో ఒక పాట ఉంది, దాన్ని ఎవరూ ఎప్పుడూ వేయరు. అతను మళ్ళీ ఆ వీధికి రాలేదు. భ్రమరాంబ మాత్రం తన రేడియో తిరిగి పెట్టలేదు. ఎందుకని ఎవరన్నా అడిగితే బ్యాటరీ లేదంటుంది. అది కరెంటు రేడియో.

పాత సామాన్లవాడు రెండుమూడుసార్లు నన్ను అడిగాడు. నూకరాజు ఇవ్వలేదు. నేను ఇంకా ఆ బల్ల మీదే ఉన్నాను. ఊడిన మూతని అతను బాగుచేయించలేదు. క్యాసెట్టు ఉండే చోట ఇప్పుడు నల్లదారం రీళ్ళు పెట్టుకుంటున్నాడు. పొద్దున్నే వస్తాడు. అలవాటు ప్రకారం నా మీట నొక్కుతాడు. అది పోనూ పోదు, రానూ రాదు, ఊరికే కిర్రుమంటుంది. కూర్చుని మిషను తొక్కుతాడు. వీధిలో పాటల్లేవు. రెండు తలలవాణ్ణి, రెండూ ఖాళీ.

కొంతసేపు కుట్టాక, తల ఎత్తకుండా, అతని చెయ్యి లేస్తుంది. నా కడుపులోంచి ఒక రీలు తీస్తుంది. గడప మీదకి విసురుతుంది. అది పడి, కొంచెం దొర్లి, ఆగుతుంది.

ఆ చప్పుడు రాసినవాడు లేడు, దానికి బాణీ కట్టినవాడు లేడు. దానికి లైసెన్సు అక్కర్లేదు.